రెండో పొయ్యి

"నువ్వు పోస్తావా, నన్నే పొయ్యమంటావా?"

నాగేశ్వర చేతిలో నిండు బిందె ఉంది. నీళ్ళు అంచు దాటి అతని పంచె మీద కారుతున్నాయి. రెండు రోజులకొకసారి కొళాయి వచ్చే ఊళ్ళో ఇన్ని నీళ్ళు ఒకచోట చేరడం అపురూపమే. పెరటి గోడ వారగా ఇంకో ఆరు బిందెలున్నాయి. శవానికి స్నానం చేయించడానికి తెచ్చినవి కొన్ని, పెరట్లో కాలుతున్న బట్టీ మీద కుమ్మరించడానికి తెచ్చినవి కొన్ని. ఏవి ఎందుకో ఎవరూ విడదీసి చెప్పుకోలేదు.

సుజాత బట్టీకీ బావగారికీ మధ్యన నిలబడింది. పొద్దున్నుంచి ఏడ్చిన కళ్ళు మండుతున్నాయి. మామ పోయిన దుఃఖాన్ని నెమ్మదిగా ఏడవనివ్వని మనుషుల మీద కోపం వస్తోంది. ఆ కోపం వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేస్తోంది.

"రెండు దినాలే అయింది బావా. ఇంగా రెండు దినాలు మూసి పెట్టల్ల. ఇప్పుడు నీళ్ళు పోస్తే లోపలుండేదంతా పాడైపోతాది."

"పోనీ."

"పన్నెండేండ్ల చెట్లు బావా అవి."

"డెబ్బై ఎనిమిదేండ్ల మనిషి ఆడ ముందర పండుకోనుండాడు. నాయన కంటే ఎక్కువైపోయినాయా నీ ముళ్ళ మట్టలు?"

శవం ఇంట్లో ఉన్నంతసేపు ఆ ఇంట్లో పొయ్యి రాజదు. ఇది ఒకరికొకరు నేర్పుకోవలసిన సంగతి కాదు. తెల్లవారుజామున మామ నరసింహప్ప మంచం మీదే పోయాడని తెలియగానే, సుజాతే వంటింట్లోకి వెళ్ళి గ్యాసు కట్టేసి వచ్చింది. పొరుగింటి తిమ్మక్క తెచ్చిన కాఫీ కూడా ఎవరూ ముట్టలేదు. బట్టీ సంగతి మాత్రం ఆమెకు తోచలేదు. అది పొయ్యి అని ఆమె అనుకోలేదు.

అనుకోలేదా? చిక్కంతా అక్కడే వచ్చింది.

చూడ్డానికి అక్కడ మంటా లేదు, పొగా లేదు. నిలువెత్తు గుంత తవ్వి, అడుగున తుమ్మ మొద్దులు వేసి, వాటిపైన రాళ్ళు పేర్చి ఎర్రగా కాల్చారు. ఆ రాళ్ళ మీద మట్టలు నరికిన కిత్తనార మొక్కల గడ్డలు పేర్చి, తడి గోనెలు కప్పి, పైన ఎర్రమట్టి మెత్తారు. ఇప్పుడక్కడ ఉన్నది ఒక మట్టి దిబ్బ. దాని నెర్రెల్లోంచి సన్నగా ఆవిరి వస్తోంది. ఆ ఆవిరికి బెల్లం గానుగ దగ్గర పాకం వాసన. ఆ వాసన ఇల్లు చుట్టి ముంగిట్లోకి పోతోంది. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుంటూనే, ఇదెక్కడి తీపి వాసనా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నాగేశ్వరను పిచ్చివాణ్ణి చేసింది ఆ వాసనే.

"ఇది పొయ్యి గాదు బావా. కంపెనీ పని."

"కంపెనీకి ఎవరన్నా పసుపు కుంకం పెడతారామ్మా?"

ఆ మాట అన్నది తిమ్మక్క. గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు సుజాత అంటే పగేమీ లేదు. ఉన్నమాట కడుపులో దాచుకోలేని మనిషి, అంతే. అలాంటి వాళ్ళతోనే ఎక్కువ ప్రమాదం.

"సోమవారం గుంత చుట్టూ అలికి ముగ్గేసింది నువ్వే గదా? టెంకాయ కొట్టినావు. కొత్తపొయ్యి మాదిరి దాని ముందర పాలు పొంగించినావు. 'ఇది మన ఇంటికి రెండో పొయ్యి మామా' అని నీ నోటితో నువ్వే అన్న్యావు. నేను ఈడే నిలబడుకోనుంటి."

అన్నది నిజమే. ఆ రోజు సంతోషం పట్టలేక అంది.

ఆ రోజు మారెప్ప మాట కూడా వినలేదు. మారెప్ప బొగ్గులబట్టీలు కాల్చి బతికినవాడు. గాలి దూరకుండా మట్టి కింద అగ్గిని నాలుగు రోజులు నిలపడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. అందుకే సుజాత అతన్ని కాళ్ళా వేళ్ళా పడి పనిలోకి తెచ్చుకుంది. సోమవారం పొద్దున అగ్గిపుల్ల నరసింహప్ప చేతికివ్వబోతే, మారెప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు సుజాతమ్మా. బట్టీకి కాల్చేటోడే అగ్గి పెట్టల్ల. ఇంటి పెద్ద పెడితే అది ఆ ఇంటి పొయ్యి అయిపోతాది. ఇంగ ఇంటి మంచీ చెడ్డా దానికీ తగుల్తాది."

"తగలనీ మారెప్పా," అని నవ్వింది సుజాత. నరసింహప్ప కూడా బోసినోటితో నవ్వి, తన చేత్తోనే అగ్గి పెట్టాడు. నవ్వుతూనే దగ్గాడు.

ఆ దగ్గు ఇప్పుడు ఆమె చెవుల్లో గింగురుమంటోంది.

"యోవ్ నాగేశ్వరా," అంటూ ముంగిట్లోంచి శివప్ప వచ్చాడు. అతనికి వరసకు చిన్నాన్న. దిబ్బ చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కెగరేసి వాసన పట్టి, సుజాత పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "ఏమ్మా, ఇది రుచి చూసేకి ఎప్పుడు దొరుకుతాది?"

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. మరో రోజైతే సుజాత ఫక్కున నవ్వేదే. నాగేశ్వర మాత్రం బిందెను ధబీమని నేల మీద పెట్టాడు.

"విన్న్యావా? విన్న్యావా మీ చిన్నమామ మాట? నాయన పీనుగ లేవకముందే బేరం మొదలైంది. ఇదే నువ్వు చేసే యవ్వారం!"

"బావా, ఇది అట్లాంటి సారా గాదు. నీకెన్నిసార్లు చెప్పల్ల?"

"యాడైనా సారా సారానే. నాకు చెప్తావా నువ్వు?" నాగేశ్వర గొంతు ఉన్నట్టుండి సన్నబడింది. "నాకు అప్పుడు ఏడేండ్లు. సందకాడ అయితే సాలు, పాకెట్టు తెమ్మని నాయన నన్నే పంపిస్తా ఉన్న్యాడు. ఆయన చేతులు వణికేవి, చించేకి వచ్చేది గాదు. నేనే పంట్లో కొరికి తెరిచి ఇస్తాంటి. పొద్దున బళ్ళోకి పోతే నా నోరు వాసన కొడతాదని పక్కన ఎవురూ కూచునేవాళ్ళు గాదు. ఆ వాసన నీకు తెల్దు. నువ్వు ఈ ఇంటికి వచ్చేతలికి ఆయన దేవుడైపోయినాడు."

శివప్ప మెల్లగా గోడ చాటుకు జారుకున్నాడు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పొద్దున్నుంచి ముంగిట్లో అందరూ నరసింహప్ప ఎంత మంచివాడో చెప్పుకుని ఏడుస్తున్నారు. ఆయన్ని ఉన్నది ఉన్నట్టు తలుచుకుని ఏడ్చింది పెద్దకొడుకు ఒక్కడే. సుజాతకు అతని మీద కోపం నిలబడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"మా చెల్లెలు పుష్పావతి ధర్మవరం నుంచి వస్తాండాది," అన్నాడతను కళ్ళు తుడుచుకుని. "ఆయమ్మి వచ్చినాక స్నానం చేయించల్ల. అంతలోపల నువ్వే ఆర్పితే మర్యాద. లేదంటే నేనే పోస్తా. ఓబిలేషూ, చెప్పు నీ పెండ్లానికి."

ఓబిలేష్ తువ్వాలు భుజాన వేసుకుని వంటింట్లోకి పోయాడు. ఆ మనిషి ఎప్పుడు చెప్పాడు కనక!

*

వంటింట్లో చల్లారిన గ్యాసు పొయ్యి పక్కన, ఓబిలేష్ పీట మీద కూర్చుని తువ్వాలు అంచు మెలిపెడుతున్నాడు.

"నువ్వన్నా ఒక మాట చెప్పగూడదా?" అంది సుజాత.

"ఏమని చెప్పేది? అన్న చెప్పేదాంట్లో తప్పేముండాది?"

"అంటే, పోసేద్దామంటావా?"

"నేనట్ల అనలే."

"మరెట్లంటావు?"

తువ్వాలు మెలి ఇంకా బిగిసింది.

"నలభై మూడు చెట్లు ఆ గుంతలో ఉండాయి," అంది సుజాత. "ఈ ఏడు పక్వానికి వచ్చినవి అవే. మళ్ళా రెండేండ్ల దాకా ఒక్కటీ లేదు. నెలాఖరు లోపల మొదటిసారి కాచిన మందు నమూనా పంపకపోతే పర్మిషను పోతాది. మళ్ళా మొదట్నుంచి తిరగల్ల. ఇంగ నాతో కాదు. నీకు తెలుసు గదా?"

"తెలుసు."

"తెలిసీ మాట్లాడవు."

"మా నాయన చచ్చిపోయినాడు సుజాతా," అన్నాడు ఓబిలేష్.

అంతే. సుజాత సిగ్గుతో గోడకు ఆనుకుంది.

ఆమెకూ పోయాడు. కన్నతండ్రి కంటే ఎక్కువగానే పోయాడు. ఆ మాట ఎవరికి చెప్పుకోవాలి?

కిత్తనార ఆ ప్రాంతపు చేల గట్ల మీద కంచెగా నాటే ముళ్ళ మొక్క. నీళ్ళడగదు, ఎరువడగదు, పందిని దూరనివ్వదు. శనక్కాయ ఎండిపోయిన ఏళ్ళలో కూడా పచ్చగా నిలబడుతుంది. పదీ పన్నెండేళ్ళకు నడిమిలోంచి ఒక్క కాడ లేచి, పూసి, చచ్చిపోతుంది. కాడ లేవబోయే ముందు గడ్డ నిండా తీపి చేరుతుంది. ఆ అదను దాటిందా, తీపంతా పువ్వుకెక్కిపోతుంది.

బెంగళూరు నుంచి లారీ వేసుకొచ్చి గడ్డలు కొంటామన్నవాళ్ళని, "ఇవి మీకెందుకప్పా?" అని నిలదీసింది కంబదూరు చుట్టుపక్కల సుజాత ఒక్కతే. ఉడకేసి, పులియబెట్టి, తాగే మందు చేసి సీసాల్లో పెట్టి, మనకు అందని ధరకు అమ్ముకుంటారని వాళ్ళు నవ్వుతూ చెప్పారు. అయితే మనమే ఎందుకు చేయకూడదని ఆమె ఇంట్లో అడిగింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అత్త ఆంజినమ్మ మొహం తిప్పుకుంది. ఓబిలేష్ కుక్కిన పేనులా పడి ఉన్నాడు. మామ మాత్రం మర్నాడు పొద్దున్నే పాత చీర పీలికలు తీసుకుని గట్టు మీదికి పోయాడు. ఏ చెట్టు కాడ వేయబోతోందో చూసి, దానికి పీలిక కట్టుకుంటూ వచ్చాడు. నడిమి మట్ట సన్నబడి బిగుసుకుంటుందని, అది పట్టి చూస్తే తెలుస్తుందని కోడలికి నేర్పాడు. మూడేళ్ళలో షెడ్డు లేచింది. మందు దించే రాగి బాన వచ్చింది. ఆమె పేరున పర్మిషను కాగితం వచ్చింది.

కాగితం వచ్చిన రోజు నుంచి, అంటే ఆరు నెలలుగా, నాగేశ్వర ఆమెను పేరుపెట్టి పిలవడం మానేశాడు. ఆంజినమ్మ పెరట్లోకి అడుగుపెట్టడం మానేసింది.

సోమవారం పొగ పోయేదాకా మామ గుంత పక్కనే కూర్చున్నాడు. "లోపలికి రా మామా, పొగ పడదు నీకు," అని ఆమె అంది. ఒకసారి అంది. రెండోసారి అనలేదు. ఆయన పక్కనుంటే ఆమెకు ధైర్యంగా ఉండింది. తన ధైర్యం కోసం ఆయన్ని పొగలో కూర్చోబెట్టుకుంది. డాక్టరు ఏం చెప్పినా, ఎవరేమన్నా, ఇది మాత్రం ఆమెను బతికినంత కాలం తొలుస్తుంది.

*

ముంగిట్లో ఆంజినమ్మ శవం తల దగ్గర కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చి, ఆ చెయ్యి ఉలుకూ పలుకూ లేకుండా ఉండటం చూసి, మెల్లగా వదిలేసి పోతున్నారు.

సుజాత ఆమె పక్కన కూలబడింది.

"అత్తా."

ఆంజినమ్మ శవం మీది ఈగను తోలింది.

"అత్తా, ఈ ఇంటికి ఇప్పుడు పెద్ద నువ్వే. నీ మాటే బావ వింటాడు. ఆర్పమంటే ఆర్పేస్తా. వద్దంటే వద్దని ఆయనకు చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

ఆంజినమ్మ ఆమె వైపు చూడలేదు. మొగుడి కుడిచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క వేలినే తడుముతోంది.

ఈ మనిషిని మాట అడగడమా అని సుజాతకే అనిపించింది. ముప్పై ఐదేళ్ళ కిందట ఊళ్ళోని ఆడవాళ్ళని కూడగట్టుకుని సారా అంగడి మీద పడిన మనిషి. పాకెట్లన్నీ వీధిలో పోసి తొక్కింది. అంగడివాడు కొట్టిన దెబ్బకు ఎడమ మోచెయ్యి ఇప్పటికీ తిన్నగా చాపలేదు. ఆ రాత్రి నుంచి నరసింహప్ప మళ్ళీ చుక్క ముట్టలేదు. అలాంటి ఇంట్లో తను రాగి బాన పెట్టింది. బట్టీ ఆర్పడానికి ఆ బిందెలన్నీ ఎందుకు, ఈమె ఒక్క మాట చాలు.

ఆ మాట కోసమే సుజాత చాలాసేపు కూర్చుంది.

పదకొండు దాటాక పుష్పావతి ఆటో దిగింది. "నాయనా!" అని ఆమె వీధి మొదట్లోంచే పెట్టిన కేకకు ఊరంతా మళ్ళీ ఏడ్చింది. ఆ తర్వాత మగవాళ్ళు శవానికి స్నానం చేయించారు. నాగేశ్వరే తండ్రి చేతులు తోమాడు. సీకాయ పొడి వేసి తోమాడు. మళ్ళీ తోమాడు. సుజాత దూరం నుంచి చూస్తోంది. అతను తండ్రి వేళ్ళను ఎందుకంతసేపు రుద్దుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు.

పాడె సిద్ధమైంది. వాళ్ళ వంశంలో కాల్చడమే ఆచారం. పెద్దకొడుకు తడిపంచెతో, గొరిగిన తలతో ముందు నిలబడ్డాడు. కొత్త కుండలో పిడకలు వేసి ఎవరో అతని చేతికిచ్చారు. ఆ కుండలో అగ్గి వేసుకుని శవం ముందు అతను నడవాలి. ఆ అగ్గితోనే తలకొరివి పెట్టాలి.

"అగ్గిపెట్టె యాడప్పా? తెండి బిర్న," అన్నాడు శివప్ప.

"అగ్గిపెట్టె వద్దు."

పొద్దున్నుంచి ఆంజినమ్మ అన్న మొదటి మాట అది. తప్పెట కొట్టబోతున్నవాడు చెయ్యి ఆపాడు.

"మరి అగ్గి యాడ తెచ్చేదమ్మా?" అన్నాడు నాగేశ్వర. "పొయ్యి ఆర్పేసినాము గదా."

"మీ తాతకు ఈ ఇంటి పొయ్యిలో నుంచే అగ్గి పోయింది. మా అత్తకూ అంతే. ఆ పొయ్యి పెరికేసి గ్యాసు పెట్టుకున్న్యారు మీరు. మీ నాయన్ని అగ్గిపుల్లతో పంపిస్తారా?"

"అమ్మా, ఇప్పుడు యాడ..."

"ఆరని పొయ్యి ఒకటి ఉండాది గదా. పొద్దున్నుంచి దాన్ని ఆర్పేకే గదా కొట్లాడతాండారు."

ఆంజినమ్మ లేచింది. వంకర మోచెయ్యి మోకాలి మీద ఆన్చి, ఎవరి సాయమూ తీసుకోకుండా లేచింది. ఇంట్లోంచి నడిచి, వంటిల్లు దాటి, ఆరు నెలలుగా తొక్కని పెరటి గడప దాటింది. మూగినవాళ్ళు పాడెను ముంగిట్లో వదిలి ఆమె వెనకాల నడిచారు.

దిబ్బ దగ్గర మారెప్ప లేచి నిలబడ్డాడు.

"దీంట్లో అగ్గి ఉండాదా మారెప్పా?"

"ఉండాది తల్లీ. అడుగున మొద్దు ఇంగా కణకణ అంటాంటాది. కానీ..." అతను సుజాత వైపు చూశాడు. "ఇప్పుడు తెరిస్తే గాలి దూరుతాది. సగం గడ్డలు బొగ్గయితాయి, సగం పచ్చిగా నిల్చిపోతాయి. మళ్ళా మూసినా పన్జెయ్యదు."

"పక్క నుంచి తీసేకి కాదా?"

"ఎట్ల తవ్వినా గాలి గాలే గదమ్మా."

నీళ్ళు పోస్తానంటే అడ్డం నిలబడింది. దీనికి ఎలా అడ్డం నిలబడటం?

"నేనెత్తుకోను," అన్నాడు నాగేశ్వర. "ఆ సారా అగ్గి నేనెత్తుకోను నా చేత్తో."

"సారా అగ్గి గాదు రా," అంది ఆంజినమ్మ. ఆమె గొంతు పెరగలేదు. "మీ నాయన పెట్టిన అగ్గి. ముప్పై ఐదేండ్లు చుక్క ముట్టని మనిషి పెట్టినాడు. నువ్వే గదా ఇప్పుడు ఆయప్ప చేతులు తోమింది? గోర్ల సందులో మసి పోయిందా?"

నాగేశ్వర చేతిలోని కుండను చూస్తూ నిలబడ్డాడు.

"పోయిందా రా?"

"పోలేదమ్మా," అన్నాడు. ఆ మాటతో అతని మొహం ఏడేళ్ళ పిల్లవాడిదైపోయింది. "ఎంత రుద్దినా పోలే."

ఇంతసేపూ అతను రుద్దింది ఆ మసినే అని సుజాతకు అప్పుడు తెలిసింది. ఆమె కళ్ళు ధారకట్టాయి.

"అత్తా," అంది. "తెరిస్తే అంతా పోతాది. నీకు తెలుసు గదా?"

"తెలుసు."

సుజాత ఆ మొహంలోకి వెతుక్కుంటూ చూసింది. ఈ అడుగుతున్నది మొగుణ్ణి సాగనంపుతున్న ఇల్లాలా, లేక అంగడి పాకెట్లను తొక్కిన ఆంజినమ్మా? కోడలి బట్టీకి ఇంతకు మించిన గౌరవం లేదు. దాన్ని సర్వనాశనం చేయడానికి ఇంతకు మించిన ఉపాయమూ లేదు. రెంటిలో ఏదో ఆ మొహం చెప్పలేదు. బహుశా ఆమెకు కూడా తెలియదేమో.

"ఆర్పమని నేను చెప్పను," అంది ఆంజినమ్మ. "తెరవమనీ చెప్పను. కాగితం మింద నీ పేరుండాది. నా కొడుకుల పేరు గాదు, ఆయప్ప పేరూ గాదు. దీనికి పెద్ద నువ్వే. మేము అగ్గి అడుక్కునేకి వచ్చినోళ్ళం. ఇస్తావో, ఇయ్యవో నువ్వే చెప్పు."

మూడేళ్ళుగా ఈ మాట కోసం సుజాత ఎదురుచూసింది. అత్త నోట, ఇది నీది అన్న మాట. అది ఇవ్వాళ, ఇలా వస్తుందని ఏ దేవుడూ చెప్పలేదు.

ఆమె ఓబిలేష్ వైపు చూసింది. ఓబిలేష్ నేల చూస్తున్నాడు. ముంగిట్లో పాడె దగ్గరే ఆగిపోయిన పుష్పావతి ఏడుపు వినపడుతోంది. ఎండ నడినెత్తికి వచ్చింది. దిబ్బ నెర్రెల్లోంచి తీపి ఆవిరి ఇంకా వస్తూనే ఉంది.

నాగేశ్వర రెండడుగులు ముందుకు వేశాడు. గోడ వారగా ఉన్న బిందెలను చూడలేదు. పిడకలు వేసిన కుండను రెండు చేతులతో పట్టుకుని ఆమె ముందుకు చాచాడు.

"సుజాతా," అన్నాడు.

ఆరు నెలల తర్వాత అతని నోట ఆ పేరు.

"ఇయ్యమ్మా. మా నాయనకు."

సుజాత వంగి మట్టి మీద అరచెయ్యి ఆన్చింది. మామ వేడి చూసింది అలాగే. నిన్న పొద్దున చెయ్యి ఆన్చి చూసి, బాగుండాదమ్మా అన్నాడు. మట్టి వెచ్చగా, సమంగా ఉంది. లోపల అంతా అనుకున్నట్టే ఉడుకుతోంది. సన్న నెర్రెలు తప్ప ఎక్కడా ఒక్క బెజ్జం లేదు.

ఆమె లేచి, షెడ్డు గోడకు ఆనించి ఉన్న పార తీసుకుంది.

"యాడ తవ్వల్ల మారెప్పా?"

తను మూసిన బట్టీని తెరవమని చెప్పలేక, మారెప్ప తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎన్నిసార్లు అడిగినా చెయ్యి చాపి చోటు చూపించలేదు.